ఒంటికంటి మెగీ

హాకీ అనగానే మనకు పచ్చిక మైదానము, వంపు తిరిగిన కర్ర, తెల్లని బంతి కండ్లకు కట్టినట్లు కనబడుతవి. 1928 మొదలు 1956 వరకు జరిగిన ఒలింపిక్ పోటీలలో వరుసగా ఆరుసార్లు స్వర్ణపతకమును గెలుచుకొన్న దేశము మనది. అందుచేత ఆ పేరు వినగానే మనకు ఒక సొంత ఆస్తిని తలచుకొన్నంత సంతోషము కలుగుతుంది. కాని అదే పేరుతో మరొక ఆట కూడ ఉన్నది. ఏటికి నాలుగైదు నెలలు నదులూ చెరువులూ గడ్డకట్టిపోయే కెనడా దేశములో అది పుట్టి పెరిగినది. ఆటగాండ్రు ఉక్కు పలకలు బిగించిన జోళ్లు తొడుగుకొని, అద్దమువంటి మంచుగడ్డపై జారుతూ పరుగెత్తుతారు. బంతికి బదులు మూడంగుళముల వెడల్పు, అంగుళము మందము గల గట్టి రబ్బరు బిళ్లను కర్రతో తోసుకొనిపోయి గోలులో వేస్తారు. ఆ బిళ్లను పక్ అంటారు. ఐస్ హాకీ అనే ఈ ఆటలో తొలినాటి మహావీరులలో ఒకడైన ఫ్రాంక్ మెగీ జీవితమును గురించి ఈనాడు కొంత ముచ్చటించుకొందాము.

ఆ మనిషిని తెలుసుకోవాలంటే ముందు ఆనాటి ఆట స్వరూపము కొంత తెలియాలి. కప్పు గల మందిరములో, లెక్కకు కట్టుబడిన ఆటగాండ్రతో జరిగిన ఐస్ హాకీ పోటీలలో చరిత్రకెక్కిన మొదటిది 1875 మార్చి 3న మాంట్రియల్ నగరములో జరిగినది. ఈనాడు ఒక్కొక్క జట్టు తరఫున ఆరుగురు ఆడుతున్నారు. మెగీ నాటికి ఏడుగురు ఆడేవారు. ఏడవవానికి రోవర్ అని పేరు. అతనికి స్థిరమైన చోటు లేదు. అవసరమున్న చోటికల్లా అతడే పోవాలి. ఇప్పుడు ఇరువది నిమిషముల చొప్పున మూడు భాగములుగా ఆడుతున్న ఆటను ఆనాడు ముప్పది నిమిషముల చొప్పున రెండు భాగములుగా ఆడేవారు. బరిలో దిగిన ఏడుగురే గంటసేపూ ఆడేవారు. అలసినవానిని కూర్చుండబెట్టి మరొకనిని దింపే వాడుక లేదు. గోలు కాచేవానికి ముఖముపై తొడుగు లేదు. మంచుపై పడి పక్‌ను ఆపే హక్కు కూడ లేదు, నిలువుకాళ్లపైననే ఆపాలి. అన్నిటికంటె ముఖ్యమైన నియమము మరొకటి. సాటివానికి పక్‌ను ముందుకు అందించరాదు. పక్కకో వెనుకకో మాత్రమే ఇవ్వవచ్చును. కాబట్టి ముందుకు పోదలచినవాడు తానే దానిని కర్రకొనకు అంటించుకొన్నట్లుగా తీసుకొని, ఎదురువచ్చిన వారిని ఒక్కొక్కరినే తప్పించుకొంటూ పోవాలి. ఆ ఆటకు చూపే ప్రాణము.

ఆ రోజులలో కెనడాలోని జట్లన్నిటికీ ఒకే పాత్రపై కన్ను. గవర్నర్ జనరల్‌గా ఉన్న స్టాన్లీ ప్రభువు 1892లో పది గినీల ధరతో ఒక చిన్న వెండి గిన్నెను చేయించి ఇచ్చినాడు. 1893 నుండి అది స్టాన్లీ కప్పు అనే పేరుతో విజేతల చేతులు మారుతూ వస్తున్నది. ఇప్పుడది జీతము పుచ్చుకొని ఆడే జట్లకు పరమావధి. ఆనాడు అట్లా కాదు. దేశములో ఏ ప్రాంతపు విజేతలైనా కప్పు తమ దగ్గర ఉంచుకొన్న జట్టుకు సవాలు పంపవచ్చును. ధర్మకర్తలు సమ్మతిస్తే పోటీ జరిగేది. ఆడేవారిలో చాలమంది పగలు కచేరీలలోనో దుకాణములలోనో పనిచేసి, సాయంకాలము మంచుపైకి దిగే సామాన్యోద్యోగులు.

ఫ్రాంక్ మెగీ 1882 నవంబరు 4న కెనడా రాజధాని ఒటావాలో జన్మించినాడు. ఐర్లండునుండి వచ్చి స్థిరపడిన కుటుంబము. తండ్రి జాన్ జోసెఫ్ మెగీ ప్రివీ కౌన్సిలుకు క్లర్కు, అనగా ప్రభుత్వములో మిక్కిలి పెద్ద ఉద్యోగములలో ఒకటి చేసినవాడు. తండ్రికి అన్న అయిన థామస్ డార్సీ మెగీ కెనడా రాష్ట్రములను ఒక దేశముగా కూర్చిన పెద్దలలో ఒకడు, గొప్ప వక్త, కవి. 1868 ఏప్రిల్‌లో ఒక రాత్రి పార్లమెంటునుండి బసకు తిరిగి వస్తూ తుపాకి దెబ్బకు బలి అయినాడు. తమ్ముని బిడ్డ అయిన ఫ్రాంకు ఆ తరువాత పదునాలుగేండ్లకు గాని పుట్టలేదు. కాని పేరుప్రతిష్ఠలూ దుఃఖమూ ఒకటిగా కలిసిన ఇంట్లో పెరిగినాడు. చదువుకొని, ప్రభుత్వములో ఇండియన్ ఎఫైర్స్ అనే శాఖలో ఉద్యోగములో ప్రవేశించినాడు. ఆ పేరు విని మన దేశమునకు సంబంధించినదని భ్రమపడరాదు. ఆ దేశపు మూలవాసుల వ్యవహారములు చూచే శాఖ అది.

పదునెనిమిదవ ఏడు నిండకముందే అతని జీవితము ఒక మలుపు తిరిగినది. అప్పుడు దక్షిణాఫ్రికాలో బోయరు యుద్ధము జరుగుతున్నది. అక్కడ పోరాడుతున్న కెనడా సైనికుల సహాయనిధికి ధనము కూర్చుటకై 1900 మార్చిలో హాక్స్‌బరీ అనే ఊరిలో ఒక హాకీ ఆట ఏర్పాటు చేసినారు. ఆ ఆటలో పైకి లేచిన పక్ వచ్చి ఫ్రాంకు ఎడమకంటికి తగిలినది. కన్ను పోయినది. చూపు పూర్తిగా నశించినదా, కొద్దిపాటి వెలుగు మిగిలినదా అనే విషయమై చరిత్ర వ్రాసినవారిలో ఏకాభిప్రాయము లేదు. ఏమైనా ఆటకు పనికివచ్చే చూపు ఆ కంటిలో లేకపోయినదని అందరూ ఒప్పుకొంటారు. సైనికుల సహాయార్థము ఆడిన ఆటలో పోయిన కన్ను అది. ఈ మాటను శ్రోతలు జ్ఞాపకముంచుకోవాలని మనవి; కథ చివర దీనితో పని ఉన్నది.

రెండు కండ్లతో చూచేటప్పుడు ఒక్కొక్క కన్ను వస్తువును కొంచెము వేరు కోణమునుండి చూస్తుంది. ఆ రెండు బొమ్మలలోని తేడానుండి మెదడు దూరమును లెక్కకట్టుకొంటుంది. ఒక కన్ను పోయినవానికి ఈ సాధనము పోతుంది. అతడు వస్తువు పెద్దదగుటనుబట్టి, అది కదిలే తీరునుబట్టి, తన తల కదిలినప్పుడు వెనుకనున్నవాటితో పోల్చి అది ఎంత జరిగినదన్న దానినిబట్టి దూరమును ఊహించుకోవాలి. అభ్యాసముచేత ఇది సాధ్యమే. కాని చూపులేని వైపునుండి వచ్చేవాడు మాత్రము దాదాపు మీదపడేదాకా కనబడడు. మంచుపై గుఱ్ఱపు వేగముతో వచ్చి భుజముతో గుద్దుట నేరము కాని ఆటలో ఆ లోపము ఎంతటిదో ఊహించుకోవచ్చును. కాకికి కంటిగ్రుడ్డు ఒక్కటే, అదే రెండు వైపులకూ తిరుగుతుందని మన పెద్దలు కాకాక్షిన్యాయమును చెప్పినారు. ఫ్రాంక్ మెగీ ఆ న్యాయమును మంచుమీద ఆచరణలో పెట్టినాడు.

గాయము తగిలిన తరువాత రెండేండ్లు అతడు కర్ర పట్టలేదు. ఇతరుల ఆటలకు రెఫరీగా నిలిచినాడు. కాని ఆడగలవానికి ఆడేవారిని చూస్తూ నిలుచుట ఎంతకాలము సాధ్యము? 1903 జనవరిలో ఒటావా జట్టులో చేరి, మొదటి ఆటలోనే రెండు గోళ్లు చేసినాడు. ఆ మార్చిలోనే ఒటావావారు మాంట్రియల్ విక్టోరియా జట్టుపై పోటీలో గెలిచి స్టాన్లీ కప్పును ఇంటికి తెచ్చుకొన్నారు. ఆ సంతోషములో జట్టు నిర్వాహకుడు ఒక్కొక్క ఆటగానికి ఒక వెండి ముద్దను బహూకరించినాడట. నాటినుండి వారికి ‘సిల్వర్ సెవెన్’ అనగా రజతసప్తకము అనే పేరు నిలిచినది. హార్వీ పుల్‌ఫర్డ్, ఆల్ఫ్ స్మిత్, హ్యారీ వెస్ట్‌విక్, బిల్లీ గిల్మర్ మొదలైన మేటి ఆటగాండ్రు అందులో ఉన్నారు. సవాలుపై సవాలు వచ్చినా 1906 వరకు కప్పు వారి చేయి దాటిపోలేదు. మెగీ అన్న జిమ్ కూడ 1904లో ఆ జట్టులో ఆడినాడు; ఆ ఏడే గుఱ్ఱముపైనుండి పడి మరణించినాడు.

ఫ్రాంకు ఆజానుబాహువు కాడు. అయిదడుగుల ఆరంగుళముల మనిషి. జుట్టు నడుమ పాపిట తీసి దువ్వుకొని, చలువచేసి మడతలు నలగని తెల్లని లాగు తొడిగి మంచుపైకి దిగేవాడట. చూచినవారికి అది విలాసముగా తోచేది. ఆట మొదలైన తరువాత మాత్రము అతని వేగమూ, పక్‌ను గుద్దే తీరూ, దెబ్బకు వెనుదీయని మొండితనమూ కనబడేవి. ఆ జట్టు మర్యాదకు పేరుపొందినది కాదు. కర్రలు ఒకరి కాళ్లపై ఒకరివి పడుట ఆనాడు మామూలు. చూపులేని కంటివైపు తెలిసి తెలిసి వచ్చేవారుంటారని ఎరిగియే అతడు ఆడినాడు.

ఇక అతని పేరును శాశ్వతము చేసిన పోటీని గురించి చెప్పాలి. కెనడాకు వాయవ్యపు కొసను, ఆర్కిటిక్ వలయమునకు దాపున, యూకన్ ప్రాంతములో డాసన్ అనే ఊరున్నది. 1896లో ఆ చుట్టుపట్ల క్లాండైక్ లోయలో బంగారము దొరికినదని తెలిసి లోకమంతా అక్కడకు పరుగెత్తినది. ఆ ఊరివారు 1904లో ఒటావాకు సవాలు పంపినారు. గనుల వ్యాపారి జో బాయిల్ వారికి పెట్టుబడిదారు. డిసెంబరు నడివారములు దాటిన తరువాత జట్టు బయలుదేరినది. నాలుగు వేల మైళ్ల దూరము. మొదట మూడువందలకు పైచిలుకు మైళ్లు కొందరు నడిచి, కొందరు సైకిళ్లపై, కొందరు కుక్కలు లాగే బండ్లతో వైట్‌హార్స్ చేరినారు. అక్కడనుండి రైలులో సముద్రపు ఒడ్డుకు. హిమపాతముచేత రైలు ఆగిపోయి, ఎక్కవలసిన ఓడ కొద్ది గంటల తేడాలో తప్పిపోయినది. అయిదు రోజులు రేవులో కాచుకొని, మరొక ఓడలో సియాటిల్‌కు, అక్కడనుండి వాంకూవర్‌కు, తరువాత దేశము అడ్డముగా దాటే రైలులో ఒటావాకు. జట్టుకు బలమైన వెల్డీ యంగ్ అనే ఆటగాడు ఎన్నికల పనిలో చిక్కుకొని సమయమునకు చేరలేకపోయినాడు. పదునేడేండ్ల ఆల్బర్ట్ ఫారెస్ట్ వారి గోలు కాపరి. మూడు వారములు దాటిన ప్రయాణపు బడలిక తీరుటకు గడువు అడిగినారు, గడువు దొరకలేదు.

1905 జనవరి 13న మొదటి ఆటలో ఒటావా తొమ్మిది, డాసన్ రెండు. మెగీ ఒక్క గోలు మాత్రమే చేసినాడు. ఈ మెగీలో అంత గొప్ప ఏమున్నదని డాసన్‌వారిలో ఒకరు అన్నారట. ఆ మాట అతని చెవిని పడినదో లేదో గాని, 16వ తేదీన జరిగిన రెండవ ఆటలో అతడొక్కడే పదునాలుగు గోళ్లు చేసినాడు. అందులో ఎనిమిది తొమ్మిది నిమిషములు తిరగకముందే వరుసగా పడినవి. ఒటావా 23, డాసన్ 2. కప్పు కొరకు జరిగిన ఆటలలో ఒక్కడు ఒకేసారి చేసిన గోళ్లలో ఇంతకు మించిన సంఖ్య నేటివరకు లేదు. 1917లో ఏర్పడిన జాతీయ హాకీ లీగులో ఒక ఆటలో ఒకరు చేసిన అత్యధిక సంఖ్య ఏడు. దానిని 1920లో జో మలోన్ సాధించినాడు. మెగీ సంఖ్య సరిగా దానికి రెట్టింపు.

అయితే ఇక్కడ మనము ఒక క్షణము ఆగి ఆలోచించవలసి ఉన్నది. ఎదుటివారు నాలుగు వేల మైళ్లు దాటి, కాళ్లలో సత్తువ కోల్పోయి వచ్చినవారు. ఆ సాయంకాలము నిజముగా పోరాడినవాడు ఆ పదునేడేండ్ల గోలు కాపరి. అతడు అడ్డుపడకపోతే ఒటావా గోళ్లు రెట్టింపయ్యేవని ఆనాటి పత్రికలవారే మెచ్చుకొన్నారు. పదునాలుగు అనే సంఖ్య చరిత్రలో పెద్ద అక్షరములతో నిలిచినది. కాని మనిషి ఎత్తును కొలిచే కొలబద్ద అది కాదని మా అభిప్రాయము. బలహీనునిపై గెలిచిన గెలుపు ఎంత పెద్దదైనా దాని నీడ పొట్టిదే.

మెగీని కొలువదలచినవారు అదే సంవత్సరము మార్చి నెలకు రావాలి. రాట్ పోర్టేజ్ అనే చిన్న ఊరినుండి థిసిల్స్ అనే జట్టు సవాలుకు వచ్చినది. ఆ ఊరినే తరువాత కెనోరా అన్నారు. పడుచువారు, మెరుపువంటి వేగము గలవారు. మెగీ గాయముతో తప్పుకొన్న మొదటి ఆటలో వారు ఒటావాను తొమ్మిదికి మూడుగా ఓడించినారు. రెండవ ఆటకు అతడు వచ్చినాడు. ఒటావా నాలుగుకు రెండుగా గెలిచినది. మార్చి 11న నిర్ణాయకమైన మూడవ ఆట. మెగీ మణికట్టు విరిగియున్నది. ప్రత్యర్థులు విరిగిన చేతినే గురిచూస్తారని, బాగున్న చేతికి దట్టముగా కట్టు కట్టి, విరిగిన చేతికి పలుచని కట్టు కట్టి పంపినారని ఆనాటినుండి చెప్పుకొంటున్నారు. దెబ్బలన్నీ మంచి చేతిమీద పడినవట! ఆట ముగియవచ్చేసరికి చెరి నాలుగు గోళ్లు. అప్పుడు ఒక కన్నూ ఒక చేయీ మాత్రమే సరిగా ఉన్న మెగీ అయిదవ గోలు చేసి కప్పును నిలిపినాడు. డాసన్‌పై చేసిన పదునాలుగింటికంటె ఈ ఒక్కటి బరువైనది.

1906 మార్చిలో మాంట్రియల్ వాండరర్స్ జట్టు వచ్చినది. రెండు ఆటలలోని గోళ్లను కూడి విజేతను తేల్చాలని ఒప్పందము. మాంట్రియల్‌లో జరిగిన మొదటి ఆటలో ఒటావా తొమ్మిదికి ఒకటిగా చిత్తుగా ఓడినది. ఎనిమిది గోళ్ల అప్పుతో సొంత ఊరిలో రెండవ ఆటకు దిగి, ఆ ఎనిమిదీ తీర్చివేసినారు. ప్రేక్షకుల కేకలతో మందిరము దద్దరిల్లినది. అంతలో లెస్టర్ పాట్రిక్ చివరి నిమిషములలో రెండు గోళ్లు చేసినాడు. మొత్తము పన్నెండు, పది. రజతసప్తకపు రాజ్యము ముగిసినది. ఆ కాలముతోనే మెగీ ఆట మాని ఉద్యోగములో నిలిచిపోయినాడు. అప్పటికి అతనికి ఇరువదిమూడేండ్లు. నాలుగు శీతకాలములలో నలుబదియైదు ఆటలు, నూట ముప్పదికి పైగా గోళ్లు. సరాసరిన ఆటకు దాదాపు మూడు. డబ్బిచ్చి ఆటగాండ్రను కొనే కాలము అప్పుడే తలుపు తడుతున్నది. అతడు ఆ గుమ్మము దాటలేదు.

అక్కడితో ముగిసియుంటే ఇది ఒక ఆటగాని కథ మాత్రమే. 1914లో ప్రథమ ప్రపంచయుద్ధము వచ్చినది. ముప్పదిరెండేండ్ల మెగీ సైన్యములో చేరుటకు పోయినాడు. ఒక కన్ను లేనివానిని ఏ సైన్యము తీసుకొంటుంది? వైద్యపరీక్ష ఎట్లా గట్టెక్కినదో కుటుంబమువారు చెప్పిన కథ ఇది. ఒక కంటిని మూసికొని పట్టికలోని అక్షరములు చదువుమన్నారు. చూపులేని కంటిని ఒక చేతితో మూసికొని చదివినాడు. ఇప్పుడు రెండవది మూయుమన్నారు. చేయి మార్చినాడు గాని కన్ను మార్చలేదు. అదే కంటిని రెండవ చేతితో మూసికొని మరల చదివినాడు. వైద్యుని కాగితములో కుడికన్ను బాగున్నదని వ్రాసి, ఎడమకంటికి కేటాయించిన చోటును ఖాళీగా విడిచిపెట్టినారు. వైద్యుడు నిజముగా మోసపోయినాడో, ఊరంతా ఎరిగిన ఆటగానిని గుర్తించి ఊరకుండినాడో, ఆ ఖాళీ చోటునుబట్టి శ్రోతలే ఊహించుకోవచ్చును.

ఈ ఉపాయమును మెచ్చుకోవాలా? దట్టమైన కట్టు వేసి ప్రత్యర్థిని ఏమార్చినప్పుడు మనము నవ్వుతాము; అక్కడ పోయేది ఒక వెండి గిన్నె. ఇక్కడ పణముగా పెట్టినది ప్రాణము. పైగా లెఫ్టినెంటుగా ఇతరుల ప్రాణములకు కూడ బాధ్యుడు. యుద్ధమును కీర్తించే మాటలు లోకములో చాల ఉన్నవి. వాటికి మరొకటి చేర్చుట మా ఉద్దేశము కాదు. తనకు అడ్డమన్న తలుపును తట్టకుండ ఉండలేని స్వభావము ఒకటి కొందరికి ఉంటుంది. అదే అతనిని ఒంటికంటితో మంచుపైకి దింపినది, అదే కందకములోకి దింపినది అని మాత్రము చెప్పవచ్చును.

1915 మే నెలలో ఫ్రాన్సులో ఫెస్టూబెర్ వద్ద అతని సోదరుడు చార్లెస్ మరణించినాడు. ఆ డిసెంబరులో బెల్జియములో ఫ్రాంకు ఉన్న వాహనముపై గుండు పడి అతని మోకాలికి గాయమైనది. ఇంగ్లండులో నెలల తరబడి చికిత్స జరిగినది. 1916 వేసవిలో కోలుకొన్న తరువాత లె ఆవ్ర్ రేవులో కూర్చుండి చేసే కొలువు ఇస్తామన్నారు. అప్పటికే ఒక కొడుకును కోల్పోయిన ఇంటివాడు; మోకాలు గాయపడినవాడు; ఒక కన్ను లేనివాడు. ఒప్పుకొనియుంటే ఎవరూ వేలెత్తి చూపేవారు కారు. అతడు తన 21వ పటాలమునకే తిరిగి పోతానన్నాడు. సెప్టెంబరు తొలివారములో వెళ్లి చేరినాడు.

అప్పుడు ఫ్రాన్సులో సోమ్ నదీప్రాంతమున ఘోరయుద్ధము జరుగుతున్నది. ఆ పేరు మనకు పరాయిది కాదు. హైదరాబాదు కంటింజెంటునుండి రూపొందిన 20వ దక్కన్ హార్స్ అశ్వదళము అంతకు రెండు నెలల ముందు, 1916 జూలై 14న, అదే రణరంగములో హైవుడ్ అనే అడవి దగ్గర మరతుపాకుల ఎదుట ఈటెలతో దూకినది. దానికి కొద్ది మైళ్ల దూరములోనే కూర్సెలెట్ అనే పల్లె. సెప్టెంబరు 15న కెనడా సైన్యము ఆ పల్లెను పట్టుకొన్నది. యుద్ధచరిత్రలో మొదటిసారి టాంకులు నడిచిన రోజు అదే. మరునాడు, సెప్టెంబరు 16న, ఫ్రాంక్ మెగీ మరణించినాడు. వయస్సు ముప్పదిమూడు. దేహము దొరకలేదు.

సమాధి లేని కారణముచేత అతని పేరు ఫ్రాన్సులోని విమీ స్మారకచిహ్నముపై చెక్కబడినది. ఆ తెల్లని రాళ్లపై అటువంటి కెనడా పేర్లు పదునొకండు వేలకు పైగా ఉన్నవి. అక్కడ అతనికి ముందు వెనుకలున్నవారు కమ్మరులో, రైతులో, గుమస్తాలో. గోళ్ల లెక్క ఎవరి పక్కనా లేదు. 1945లో హాకీ కీర్తిమందిరమునకు తొలిసారిగా ఎన్నుకొన్న కొద్దిమందిలో మెగీ పేరు కూడ చేర్చినారు. ఒక చోట అందరిలో ఒకడు, మరొక చోట అందరికీ పైవాడు.

సైనికుల సహాయనిధికి ఆడి పదునేడవ యేట ఒక కన్ను ఇచ్చినవాడు పదునాలుగేండ్లు దాటిన తరువాత, తానే సైనికుడగుటకై, ఆ కంటిని చేతితో కప్పుకొని నిలిచినాడు. ఒక్క సాయంకాలపు పదునాలుగు గోళ్లను లోకము లెక్కపెట్టుకొన్నది. విరిగిన చేతితో చేసిన ఒక్క గోలును, వద్దనగలిగిన కొలువును కూడ ఆ లెక్కలో చేర్చుకొంటే గాని ఒంటికంటి మెగీ పూర్తిగా మనకు కనబడడు.